అమ్మవారి చేతి అతుకు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో విమానం ఎక్కిన మనిషి ఒక్కతే ఉండేది, మా పక్కింటి అక్క. ధర్మవరానికి అవతల, చిత్రావతి ఏటికి ఒక మైలు దూరంలో మా ఊరు. ఏరు అన్నానని నీళ్ళు ఊహించుకోకండి, ఉన్నదంతా ఇసుకే. అక్క వాళ్ళ అమ్మా నాయనా కట్టడాల పనికి బెంగళూరు పోయి అక్కడే ఉండిపోతే, అక్కను తాత పెంచాడు. ఆయన తోలుబొమ్మలాట ఆడించేవాడు. ఊరంతా ఆయన్ను బొమ్మల తాత అనేది, నేనూ అంతే. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక మొండిగోడ. నేను అన్నం తినేది గోడకు ఇవతల, పెరిగింది అవతల.

తాత ఇంట్లో రెండు వెదురు బుట్టలు ఉండేవి. ఒకదాంట్లో దేవుళ్ళ బొమ్మలు, ఇంకోదాంట్లో రాక్షసుల బొమ్మలు. రెండు బుట్టల్నీ ఒకే మూలన పెట్టేవాడు కాదు. ఆట ముగిశాక ఎంత అలసిపోయినా సరే, ఒక్కో బొమ్మనూ దీపం దగ్గర చూసి, దేని బుట్టలో దాన్ని పడుకోబెట్టేవాడు. అమ్మవారి పక్కన రాక్షసుణ్ణి పెడితే తెల్లారేసరికి బొమ్మలు చిరిగిపోయి ఉంటాయని మాకు చెప్పేవాడు. నేను నమ్మేదాన్ని. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కాస్త నమ్ముతాను.

నాకు అయిదేళ్ళప్పుడు, రంగు ఆరడానికి పరిచిన అమ్మవారి బొమ్మను నేను తొక్కేశాను. మణికట్టు దగ్గర చెయ్యి చిరిగింది. నన్ను చావగొడతారనుకున్నాను. తాత ఏమీ అనలేదు. అప్పటికి అక్క వాళ్ళ అవ్వ బతికే ఉంది. ఆమె మేకతోలు ముక్కను నెలవంకలాగా కోసి, ఎర్రదారంతో ఏడు కుట్లు వేసి ఆ చేతికి అతికించింది. తర్వాత ఏ ఆటలోనైనా తెర మీద అమ్మవారు చెయ్యి ఎత్తిందంటే నా కళ్ళు ఆ అతుకు మీదే ఉండేవి. తప్పు చేశానన్న భయం ఒక పక్క, ఆ బొమ్మ కొంచెం నాది కూడా అన్న గర్వం ఇంకో పక్క.

ముసలిదైపోయిన బొమ్మను పారెయ్యరు, అమ్ముకోరు. మనిషిని సాగనంపినట్టే సాగనంపుతారు. పసుపు కుంకుమ పెట్టి, తెల్లగుడ్డలో చుట్టి, పారే నీళ్ళలో వదిలిపెడతారు. మా ఏరు పారడమే అరుదు కాబట్టి, ముసలి బొమ్మలు ఏళ్ళ తరబడి బుట్టలోనే ఏటి కోసం కాచుకుని ఉండేవి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పైన ఎక్కడో వాన కురిసి చిత్రావతి రెండు రోజులు పారింది. అంతకు కొన్ని రోజుల ముందే ఒక తెల్లదొర జీపులో వచ్చి, తాత దగ్గర కూర్చుని ఫోటోలు తీసుకుని పోయి ఉన్నాడు. ఏరు పారుతోందని తెలియగానే తాత, అమ్మవారికి కాలం తీరిందని చెప్పి మూట కట్టాడు. ఊళ్ళో సగం మంది వెంట నడిచారు. నేను మూట పక్కనే నడిచాను. నీళ్ళలో వదిలేటప్పుడు పెద్దవాళ్ళే నన్ను పట్టుకోవాల్సి వచ్చింది, అంతగా ఏడ్చాను. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మా అమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి ఒకటి వేసింది. అయినా తినలేదు.

ఆ ఏడే అక్క బొమ్మలు గీసే చదువు చదవడానికి హైదరాబాదు కాలేజీలో చేరింది. మాకు మాత్రం ఆ తర్వాత రెండేళ్ళు సరైన వాన లేదు. శనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. అట్లాంటి రోజుల్లో అక్క దగ్గర్నుంచి జాబు వచ్చింది. కాలేజీ వాళ్ళు అయిదుగురు పిల్లల్ని మూడు వారాల చదువు కోసం బెర్లిన్ నగరానికి పంపుతున్నారనీ, అందులో తానొకతెననీ, ఖర్చంతా అక్కడివాళ్ళదేననీ రాసింది. తాత ఆ జాబును నా చేత ఆరుసార్లు చదివించుకున్నాడు. బెర్లిన్ ఎక్కడుందో మా బళ్ళో అయ్యవారు పటంలో చూపిస్తే, మా ఊరు ఎక్కడుందో కూడా చూపమని అడిగాను. పటంలో మా ఊరు లేదు.

అక్క తిరిగి వచ్చిన రోజు వాళ్ళ అరుగు మీద కూర్చోను చోటు లేదు. ఆడ బియ్యం దొరుకుతాయా అని ఒకరు, ఆడోళ్ళు ఏం కట్టుకుంటారని ఒకరు. భూమి లోపల రైళ్ళు తిరుగుతాయని అక్క చెబితే, "గాలి యాడ నుంచి వస్తాది?" అని మా చిన్నాయన నిలదీశాడు. అక్క చెప్పింది అంతే. కోటలు చూశావా అంటే లేదంది, సముద్రం చూశావా అంటే లేదంది. మూడు వారాలూ ఎక్కువగా ఒక మ్యూజియంలోనే ఉన్నానంది. "ఇంత దూరం పోయి ఏం సూసొచ్చినట్లు?" అని గొణుక్కుంటూ మా చిన్నాయన లేచిపోయాడు. నాకూ చప్పగానే అనిపించింది. ఇంకొకటి కూడా గమనించాను. అక్క అందరి మొహాలూ చూస్తోంది, తాత మొహం మాత్రం చూడటం లేదు.

జనం వెళ్ళాక అక్క నన్ను ఇంటి వెనక మేకల దొడ్డి దగ్గరికి తీసుకుపోయింది.

"ఆ పొద్దు నువ్వు మూట పక్కనే నడిచినావు కదా. మూట లోపల ఏముండాదో సూసినావా?"

"లేదక్కా. కట్టేసే ఉన్నింది."

అక్క సంచిలోంచి ఒక ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. అద్దాల పెట్టెలో నిలబెట్టిన అమ్మవారి బొమ్మ. మణికట్టు దగ్గర నెలవంక అతుకు. ఎర్రదారం కుట్లు. లెక్కపెట్టాను, ఏడు.

దేవత లేచి వచ్చిందేమో అనుకున్నాను మొదట. ఏట్లో కొట్టుకుపోయి, సముద్రంలో కలిసి, అంత దూరం పోయి తేలిందేమో అని కూడా అనుకున్నాను. పదేళ్ళ బుర్రకు అంతకన్నా ఏం తోస్తుంది? అక్క మొహం చూశాక గానీ అసలు సంగతి తలకెక్కలేదు. తాత ఆ బొమ్మను ఏట్లో వదల్లేదు. దొరకు అమ్మేశాడు. మమ్మల్నందర్నీ ఏటిదాకా నడిపించి ఉత్త మూటను సాగనంపాడు. నాకు కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. నేను ఏడ్చిన ఏడుపంతా ఎవరి కోసం?

"ఇంకా బాగా సూడు," అంది అక్క. అప్పుడు చూశాను. అదే పెట్టెలో, అమ్మవారి భుజానికి భుజం తగిలేటట్టు, కోరలు తెరుచుకుని ఒక రాక్షసుడి బొమ్మ.

మొదటి రోజే మ్యూజియంలో ఆ పెట్టె కంటబడిందని అక్క చెప్పింది. తోటి పిల్లలు ముందుకు పోయారు, తను అక్కడే నిలబడిపోయింది. మా తాత బొమ్మ అని చెప్పుకోవడానికి నోరు రాలేదట. కానీ ఆ రాక్షసుణ్ణి చూసి ఊరుకోలేకపోయింది. మ్యూజియం చూసుకునే పెద్దావిడ దగ్గరికి పోయి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఈ రెండూ ఒకచోట ఉండకూడదని చెప్పింది. ఆమెకు అర్థం కాలేదు. మర్నాడు మళ్ళీ పోయింది. మిగతా పిల్లలు ఊరు చూడ్డానికి పోతే, అక్క రోజూ ఆ గదికే పోయి, కాగితం మీద రెండు బుట్టలు గీసి, ఏ బుట్టలో ఎవరో చూపించింది. రెండో వారంలో ఆ పెద్దావిడ తాళాలు తెప్పించి పెట్టె తెరిపించింది. అక్క చూసొచ్చిన మహానగరం అదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వచ్చే సోమవారం ఊళ్ళోవాళ్ళు తాత చేత వానల ఆట ఆడించబోతున్నారు. బొమ్మలాట ఆడిస్తే వాన పడుతుందని మా సీమలో నమ్మకం. అమ్మవారిని అమ్ముకుని ఉత్త మూటతో ఊరిని మోసం చేశాడని తెలిస్తే, రెండేళ్ళ కరువంతా ఆ ముసలాయన నెత్తినే పడేది. ఆట సంగతి అటుంచి, ఊళ్ళో ఉండనిచ్చేవాళ్ళు కారు. ఆ సంగతి అక్కకు తెలుసు, నాకూ తెలుసు. నా నోటి సంగతి మాత్రం ఊరందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున తాత సోమవారం ఆట కోసం అరుగు మీద బొమ్మలు తుడుస్తున్నాడు. అక్క పోయి పక్కన కూర్చుంది. నేను స్తంభం వెనక నిలబడ్డాను. ఇప్పుడు అడుగుతుంది, ఎందుకు అమ్మినావని నిలదీస్తుంది, తాత తల దించుకుంటాడు, నేను చూడాలి అని నా లోపలి కోపం ఎదురు చూస్తోంది. అక్క ఒక గుడ్డ తీసుకుని తనూ ఒక బొమ్మను తుడవడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, కూర ఏం వండాలని అడిగినంత మామూలుగా అంది.

"తాతా, మన తల్లి పక్కన రాక్షసున్ని పెట్టినారు ఆడ. నేను తీపిచ్చినా."

తాత చేతిలో గుడ్డ ఆగిపోయింది. వీధిలో ఎవరో మేకల్ని తోలుకుంటూ పోయారు. ఆ గంటలు దూరమయ్యాక ఆయన అడిగాడు.

"ఇప్పుడు పక్కన ఎవురుండారు?"

"ఎవురూ లేరు. ఒక్కతే ఉండాది. మెత్తని గుడ్డ మీద పండుకోబెట్టినారు. ఎండ తగల్దు."

"చెయ్యి?"

"అవ్వ కుట్టింది కుట్టినట్లే ఉండాది."

తాత ఏడ్చాడు. ముసలివాళ్ళు అట్లా వెక్కివెక్కి ఏడవగలరని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఏడుస్తూనే అన్నాడు. "ఏరు పారిన పొద్దుకు ఆ తల్లి ఈడ లేదమ్మీ. ఆటలు లేవు, పంటలు లేవు. నిన్ను ఆ కాలేజీలో దేంతో చేర్పిచ్చినాననుకుంటివి?"

నేను అక్క మొహం చూశాను. తాత తప్పును కడుపులో దాచుకుందామని వచ్చిన మనిషి, ఆ తప్పు తన చదువు కోసమేనని అప్పుడే తెలుసుకుంది. చేతిలోని బొమ్మ జారి ఒడిలో పడింది. తాత కాళ్ళ మీద తల పెట్టి అట్లాగే ఉండిపోయింది. ఆయన ఆమె తల నిమురుతూ ఉన్నాడు. ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో నాకు తెలియలేదు.

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ ఆగలేకపోయాను, స్తంభం వెనక నుంచి బయటికి వచ్చేశాను. "మల్ల మూటలో ఏముండె తాతా?"

తాత ఉలిక్కిపడి నన్ను చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నవ్విచ్చే బొమ్మ పాపా. నడుము ఇరిగిపోయింటే అదే కట్టినా."

నవ్వించే బొమ్మంటే ఆటలో పొట్ట ఊపుకుంటూ వచ్చి బూతులు మాట్లాడేవాడు. "వాని కోసరమా నేను అన్నం మానుకున్యింది!" అని అరిచాను. ముందు అక్క నవ్వింది, ఆ తర్వాత తాత. కళ్ళు తుడుచుకుంటూ ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

సోమవారం ఆట జరిగింది. వాన పడలేదు. పడిందని చెబితే కథ బాగుంటుంది గానీ, పడలేదు. ఆ సెలవుల్లో అక్కా తాతా కలిసి కొత్త అమ్మవారిని చేశారు. ఆమె నగలకు చిల్లులు కొట్టే పని కొంత నాకిచ్చారు.

పెద్దయ్యే కొద్దీ నాకు తెలిసివచ్చింది ఒకటుంది. ఎందుకు అమ్మినావని అక్క అడిగి ఉంటే తాత అమ్మలేదనే చెప్పేవాడు. ఆ అబద్ధాన్ని పోయేదాకా ఒంటరిగా మోసేవాడు. అక్క అడగలేదు. ఆయన రెండేళ్ళుగా ఎవరినీ అడగలేక కుమిలిపోతున్న ప్రశ్నకు జవాబు మాత్రం తెచ్చి ఇచ్చింది.

రాక్షసుడు ఉన్న ఫోటోను అక్క ఆ రోజే పొయ్యిలో వేసింది. పెట్టె తెరిపించాక తీసిన రెండో ఫోటో ఒకటి ఉంది. అమ్మవారు ఒక్కతే, మెత్తని గుడ్డ మీద. దాన్ని హైదరాబాదు పోయేముందు నాకు ఇచ్చింది. తాత దగ్గర ఉంటే ఎవరైనా చూస్తారు, నీ దగ్గర దాచు అంది. ఊళ్ళో నోరు ఆగని పిల్లను వెతికి వెతికి ఆ గుట్టు నాకే అప్పజెప్పింది. తిట్టినా కొట్టినా మూతపడని నా నోరు ఆ నమ్మకంతో మూతపడింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తాత పోయి చాలా కాలమైంది, మొన్న అక్కే ఫోనులో ఇంక రాసుకోమంది కాబట్టి రాస్తున్నాను.

అక్క వెళ్ళిన తర్వాత పదిహేను రోజులకోసారి తాత మొండిగోడ చుట్టి మా ఇంటికి వచ్చేవాడు. "పాపా, రవ్వన్ని నీళ్ళియ్యి," అనేవాడు. వాళ్ళింట్లో కుండ నిండా నీళ్ళు పెట్టుకుని మన ఇంటికెందుకు వస్తాడీయన అని మా అమ్మ ఆశ్చర్యపోయేది. నేను నీళ్ళ చెంబు కింద ఫోటో పెట్టి తీసుకుపోయేదాన్ని. ఆయన నీళ్ళు పక్కన పెట్టి ఫోటోను కళ్ళకు దగ్గరగా పట్టుకుని, ముందు పక్కన ఎవరూ లేరని చూసుకునేవాడు, ఆ తర్వాత చెయ్యి చూసేవాడు. తిరిగి ఇచ్చేసి, చెంబు ముట్టకుండానే వెళ్ళిపోయేవాడు.

ఆ ఫోటో ఇప్పటికీ నా పెట్టెలో, పట్టుచీర మడతలో ఉంది. ఈ రోజుకీ ఎవరైనా మా గడప దగ్గర నిలబడి మంచినీళ్ళు అడిగితే, చెంబు తేవడానికి ముందు వాళ్ళ మొహం చూస్తాను, నీళ్ళ కోసమే వచ్చారా అని.