ఆరని చిన్న లైటు

చరిత్రలో చెప్పుకోదగ్గ పనులన్నీ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఆపడం వల్లే జరిగాయి. ఒకరు యుద్ధం ఆపారు, ఒకరు పన్ను ఆపారు, మరొకరు ఎదురుతిరిగినవాడి నోరు ఆపారు. గడియారాల మేస్త్రి మాత్రం ముప్పై నాలుగేళ్ళుగా దేన్నీ ఆపకుండా చరిత్రకెక్కాడు. ఆ చరిత్ర ఆయన ఇంటి హాలు దాటి బయటికి రాలేదన్నది వేరే విషయం.

నడుస్తున్నదాన్ని ఆపకూడదన్నది ఆయన సిద్ధాంతం. దానికి కారణం లేకపోలేదు. పాత గడియారం నడుస్తున్నంతకాలం నడుస్తూనే ఉంటుంది. తుడుద్దామని ఒక్కసారి ఆపితే, ఎండిన నూనె పళ్ళ మధ్య పట్టేసి, ఇక కదలనని మొరాయిస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో అలా ఒక పెద్దాయన బాగుకి తెచ్చిన గోడ గడియారాన్ని తనే చేజేతులా ఆపాడు. అది మళ్ళీ కదల్లేదు. అప్పటినుంచి ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే తిరగనిచ్చేవాడు. చుట్టాలు సొంత గొప్పలు చెప్పుకుంటుంటే మధ్యలో అడ్డుపడేవాడు కాదు, అందువల్ల వాళ్ళలో మంచి పేరే ఉంది. హాల్లో లోలకం గడియారం ఒకటుంది. దాని స్ప్రింగు అలిసిపోయి సరిగ్గా వారం రోజులే వస్తుంది కాబట్టి, ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి కీ ఇచ్చేవాడు. పద్దెనిమిదేళ్ళుగా అది ఒక్క నిమిషం కూడా ఆగలేదన్న సంగతి, ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళకన్నా ముందే అందేది.

ఆయన భార్య దర్జీ. కొట్లో దొరికే బట్టలు నప్పనివాళ్ళకి మాత్రమే కుడుతుంది: ఒక భుజం దిగినవాళ్ళకి, వీపు వంగినవాళ్ళకి, చక్రాల కుర్చీలోనే పొద్దు గడిపేవాళ్ళకి. కాగితపు నమూనాలు ఒక వానకి కప్పు కారి ముద్దయిపోయాక, మిగిలినవన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. ఏడేళ్ళలో ఆరువందల నలభై మంది అందులో చేరారు.

గీతలూ కొలతలూ ఆవిడవి, మూత అధికారం మాత్రం మేస్త్రిది. రోజూ సాయంత్రం నిద్రపోయే పిల్లకి దుప్పటి కప్పినట్టు మూత వేసేవాడు, పొద్దున్నే తీసేవాడు. ఆపింది మాత్రం లేదు. అప్పుడప్పుడూ ఆ యంత్రమే మర్యాదగా, తనని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టమని అడిగేది. "ఏవండీ, మళ్ళీ ఏదో అడుగుతోంది" అని ఆవిడ కేక వేసేది. మేస్త్రి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, కేసు వాయిదా వేసే జడ్జిలా 'తర్వాత' అన్న చోట నొక్కి వెళ్ళేవాడు.

ఇలా ఉండగా ఒక వారం, ల్యాప్‌టాప్ పక్కనుండే చిన్న లైటు ఆరడం మానేసింది. అంతకుముందు ఏదైనా పని చెబితే నాలుగు సార్లు మిణుకుమని ఊరుకునేది. ఇప్పుడు పని చెప్పినా చెప్పకపోయినా మిణుకుతూనే ఉంది. లోపల హార్డ్ డిస్కు కరకరలాడుతోంది. ఒక కాలరు బొమ్మ తెరుచుకునేలోపు ఆవిడ టీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వస్తోంది.

మేస్త్రి రంగంలోకి దిగాడు. కంటికి భూతద్దం తగిలించి, పది నిమిషాలు లైటుని చూసి, పది నిమిషాలు చెవి ఆనించి విని, పుస్తకంలో రాసుకున్నాడు: "నిమిషానికి నూట తొంభై మిణుకులు. లయ లేదు." దుమ్మని తేల్చి, గడియారాలకి వాడే రబ్బరు బుడ్డితో గాలి ఊదాడు. లైటు ఆరలేదు. వేడని తేల్చి, నాలుగు దారపు రీళ్ళ మీద దాన్ని ఎత్తి నిలబెట్టాడు. లైటు ఇప్పుడు కాస్త ఎత్తునుంచి మిణికింది.

"డాక్టరుగారూ, రోగి దక్కుతుందా?" అంది భార్య.

"నడుస్తోందిగా."

"ఇది నడవడమా? రొప్పడం! ఇది కాస్తా పోతే నా మనుషులంతా అందులోనే పోతారు. పోస్టుమాస్టరు గారి కొలతలు మళ్ళీ ఎలా తీస్తాను? ఆయన ఇప్పుడు లేచి నిలబడనుకూడా లేరు."

ఈసారి ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. మేస్త్రి భూతద్దం తీసేసి, మేనకోడలికి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటుంది. అది శనివారం, మధ్యాహ్నం రెండు. ఏ మీటలు నొక్కాలో ఆమె చెప్పింది, ఈయన నొక్కాడు. తెర మీద లోపల ఏ పని ఎంత వాడుకుంటోందో చూపే పట్టిక వచ్చింది.

"డిస్కు అన్నచోట ఎంతుంది మావయ్యా?"

"వంద. నూటికి నూరు," అన్నాడు మేస్త్రి, కాస్త గర్వంగా.

"అవి మార్కులు కాదు మావయ్యా! పైన ఎవరున్నారు?"

"అప్‌డేట్ అని ఒకడున్నాడు."

"దీన్ని ఆఖరిసారి ఎప్పుడు ఆపావు?"

మేస్త్రి గోడవైపు చూశాడు. భార్య ఫోన్ లాక్కుంది. "మీ మావయ్య ఆపుతాడటమ్మా? మూత వేస్తాడు, మూత తీస్తాడు. ఏడేళ్ళుగా అదే ఉద్యోగం."

"ఏడేళ్ళా! మరి అది ఏం చేస్తుంది అత్తయ్యా? కొత్త అప్‌డేట్లు దించుకుని, సర్దుకోవడానికి ఒకసారి ఆపండని అడుగుతోంది. మీరు ఆపరు. మళ్ళీ దించుకుంటుంది, మళ్ళీ సర్దబోతుంది. ఆ కరకర అదే అయ్యుండాలి. డిస్కు చెడిపోతున్నా అలాగే ఉంటుంది, ఇక్కణ్ణుంచి చెప్పలేను. ముందు నీ నమూనాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో. ఆ తర్వాత ఆపించు."

"ఆపితే మళ్ళీ లేవకపోతే?" అని పక్కనుంచి అరిచాడు మేస్త్రి.

"అందుకే ముందు తీసుకోమన్నాను మావయ్యా!"

రెండున్నరకి నకలు తీయడం మొదలైంది. ఇద్దరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మేస్త్రి అంకెలు చదువుతున్నాడు, ఆవిడ మనుషుల్ని గుర్తుపడుతోంది. "అదిగో, వీపు వంగిన టీచరుగారు. హమ్మయ్య, దాటేశారు." నాలుగువందల పదకొండో దగ్గర అంకె ఆగిపోయింది. పోస్టుమాస్టరు గారి కోటు అది. ఆరు నిమిషాలు ఇద్దరూ కుర్చీల అంచుకి జరిగి ఆ అంకెనే చూశారు. డిస్కు ఒక్కటే మాట్లాడింది. ఆ తర్వాత ఆయన కూడా మెల్లిగా, కోటుతో సహా, దాటారు.

ఆరు గంటలకి ఆరువందల నలభై మందీ వచ్చేశారు. ఆవిడ పెన్‌డ్రైవ్ పీకి పిడికిట్లో పెట్టుకుంది. "ఇక ఆపండి."

మేస్త్రి వేలు ముందుకి వెళ్ళి ఆగింది. "ఆ పెద్దాయన ఆ గడియారాన్ని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు తెలుసా. తిట్టినా బాగుండేది."

"నా మనుషులు నా చేతిలో ఉన్నారు. నొక్కండి."

"నువ్వు నొక్కు."

"'తర్వాత' నొక్కినవాళ్ళే ఇదీ నొక్కాలి."

నొక్కాడు. తెర మీద ఏవో శాతాలు నడిచాయి. తెర నల్లబడింది, లైటు ఆరింది. లైటు వెలిగింది, మళ్ళీ శాతాలు వచ్చాయి, ముప్పావుగంట కదిలీ కదలకుండా కదిలాయి. చివరికి ఎప్పటి తెరే వచ్చింది. ఆవిడ పోస్టుమాస్టరు గారి కాలరు తెరిచింది. టీ సంగతి తలుచుకునేలోపే తెరుచుకుంది. లైటు నాలుగుసార్లు మిణుకుమని, ఆరి, ఊరుకుంది. కరకర లేదు. హాల్లో ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

"టైమెంతయిందండీ?" అంది ఆవిడ.

మేస్త్రి తలెత్తి చూశాడు. లోలకం నిటారుగా వేలాడుతోంది. ముళ్ళు నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాల దగ్గర నిలబడి ఉన్నాయి. మూడింటికి ఇవ్వాల్సిన కీ ఇవ్వలేదు.

ఆయన స్టూలు వేసుకుని ఎక్కి, కీ ఇచ్చి, ముళ్ళు సరిచేసి, లోలకాన్ని వేలితో తోశాడు.

నడిచింది.