బాపు సొంత చేత్తో పట్టుకెళ్లిన సీసా

మా ముత్తాత కొండపాక చుట్టూ ఉన్న ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం దిగితే తప్ప కచేరీలో పని మొదలయ్యేది కాదని చెప్పుకునేవారు. మా తాత ఆ ప్రాంతంలో మేనాలో తిరిగిన ఆఖరి మనిషి. మా నాన్న, అంటే బాపు, పెద్దవాడయ్యేనాటికి మేనా మోసేవాళ్లు పోయి మేనా మాత్రం మిగిలింది. నేను పుట్టేనాటికి అదీ లేదు. మొన్న సిద్దిపేటలో ఒక ల్యాబ్ కిటికీ ముందు నిలబడి ఉండగా ఈ సంగతులన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. లోపలి అమ్మాయి నా చేతిలో మూతున్న ప్లాస్టిక్ డబ్బా పెట్టి, దాని మీద రాయడానికి నా పేరు, తండ్రి పేరు అడిగింది. అడిగినంతవరకే చెప్పి, నడుం నిటారుగా పెట్టుకుని వెళ్లి, నింపి తెచ్చి ఇచ్చాను. మా వంశంలో ఈ చిన్న పని ఎవరికి వారు చేసుకోవడం ఎంత పెద్ద విజయమో ఆ అమ్మాయికి తెలియదు. నా ఈడు వాళ్లకు చెబితే తెలుస్తుందని రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఇంటి పెద్ద ఏ పనికీ తానుగా గడప దాటడు, తన బదులు మనిషిని పంపుతాడు. కోర్టు వాయిదాకు మనిషి, పెండ్లికి మనిషి, ఆఖరికి కొమురవెల్లి మల్లన్నకు మొక్కిన మొక్కు తీర్చడానికి కూడా దొర పేరు మీద మరొకరు వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చేవారట. దీన్ని అహంకారమని ఇప్పటివాళ్లు అంటే అననీ, మాకు మాత్రం అది మర్యాద. కోటలాంటి మా గడి పోయి, భూములు పోయి, నేను సర్కారు బడిలో సైన్సు పంతులమ్మగా చేరి, బాపుతో కలిసి సిద్దిపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్న రోజుల్లో కూడా ఆ మర్యాద మా వెంటే వచ్చింది. దానితోపాటు ఒక మనిషీ వచ్చాడు. చిన్నతనం నుంచీ బాపు దగ్గరే ఉన్న జీతగాడు అతను. ఇవ్వడానికి మా దగ్గర జీతం లేకపోయినా వెళ్లలేదు. అతన్ని నేను చిన్నాన్న వరసలో ‘కాక’ అని పిలిచేదాన్ని.

తెలంగాణ ఉద్యమం మళ్లీ రాజుకున్న కాలం అది. పాత బస్టాండు దగ్గర నిరాహార దీక్షల టెంటు వెలిసింది, బడులు ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో మాకే తెలిసేది కాదు, ప్రతి కూడలిలో పాటా డప్పూ వినిపించేవి. మొదటి ఉద్యమంలో కాలేజీ కుర్రాడిగా ఊరేగింపులు చూసిన బాపుకు ఇక మిగిలిన కోరిక ఒక్కటే, రాష్ట్రం రావడం కళ్లారా చూడడం. సరిగ్గా అప్పుడే ఆయన పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదని చెప్పులనే తిట్టేవాడు.

ఊళ్లో కిడ్నీల వైద్యం చూసే డాక్టరు సాబు పాత సిద్దిపేట ముస్లిం కుటుంబం వాడు, మాట చమత్కారంగా ఉండేది. రక్తం పరీక్ష చేయించి, క్రియాటినిన్ పెరిగిందని చెప్పాడు. కిడ్నీలు బయటకు పంపాల్సిన మలినం రక్తంలోనే నిలిచిపోతోందని దాని అర్థం. బాపు రోగం పేరు అడగలేదు, మందులు అడగలేదు.

“తెలంగాణ వచ్చేదాక నడుస్తయా డాక్టరు సాబ్ ఇవి?”

“ఢిల్లీ సంగతి నాకు తెల్వది దొర సాబ్, మీ కిడ్నీల సంగతైతే చెప్పగల్గుత. రక్తం ఇయ్యాల్టి ముచ్చట చెప్తది. రేపటి ముచ్చట మూత్రం చెప్తది. అండ్ల ప్రొటీన్ ఎంత పోతుంటే కిడ్నీ అంత జల్ది ఖరాబైతది. పోకుంటే ఇంకా శాన దినాలు నడుస్తది.”

ఆ మాట విన్నప్పటి నుంచి నా ప్రాణమంతా ఆ ఒక్క పరీక్ష మీదే ఉంది. ప్రొటీన్ ఎక్కువగా పోతే కొన్నేళ్లలో డయాలిసిస్ మెషిను, లేదంటే ఇంట్లోనే మందులతో గడిచిపోయే బతుకు. మర్నాడు పొద్దున నేను బడికి వెళ్లాక మా తాత వాడిన వెండి చెంబులో మూత్రం పోసి, పైన తెల్ల గుడ్డ కప్పి, కాక ల్యాబుకు తీసుకెళ్లాడు. ల్యాబువాళ్లు నవ్వుకుని ప్లాస్టిక్ సీసాలోకి మార్చుకున్నారట. ప్రొటీన్ ఏమీ లేదని వచ్చింది. నేను పొంగిపోయాను. డాక్టరు సాబు కూడా సంతోషపడి, ఆ ప్రొటీన్ కారకుండా ఆపే మందు ఇప్పుడే అక్కర్లేదన్నాడు.

అయితే కొన్ని నెలలు గడిచేసరికి రక్తంలో క్రియాటినిన్ మరికొంచెం పెరిగింది. మూత్రంలో మాత్రం మళ్లీ ప్రొటీన్ లేదనే వచ్చింది. ఇంకో సంగతి కూడా నన్ను తొలిచేది. మా ఇంట్లో స్నానాలగది కడిగేది నేనే, దేశ్‌ముఖ్ మునిమనవరాలిని అయినా ఆ పనికి నేనెప్పుడూ తల దించుకోలేదు. బాపు వెళ్లొచ్చాక అక్కడ సబ్బు నీళ్లలాగా నురగ నిలిచి ఉండేది, ఎన్ని నీళ్లు పోసినా ఒక పట్టాన పోయేది కాదు. ఆ మాట డాక్టరు సాబుతో చెప్పాను. ఆయన కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“మూత్రంల షుగరున్నది టీచరమ్మా, రక్తంల లేదు. నురగ మీ ఇంట్ల ఉన్నది, ల్యాబుల లేదు. రక్తం ఒకరిది, మూత్రం ఒకరిదా ఏంది?”

హాస్యానికే అన్నాడు. నేను మాత్రం మెల్లగా తల తిప్పి, ఖాళీ వెండి చెంబు చంకలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ కాకను చూశాను.

“దొర పోయి రమ్మన్నడు బిడ్డా, పోయిచ్చిన. అండ్ల తప్పేమున్నది?” అన్నాడు కాక, ఎంతో నెమ్మదిగా.

ఇంటికొచ్చి అడిగితే బాపు కొంచెం కూడా తడబడలేదు. మల్లన్న ముందు తన వెంట్రుకలకు బదులు ఇంకొకరి వెంట్రుకలు చెల్లినప్పుడు ల్యాబులో ఎందుకు చెల్లదన్నది ఆయన న్యాయం. “వాడు నా ఉప్పు తిన్నోడు. వానిది వేరు, నాది వేరెట్లయితది?” అన్నాడు. ఒకరి మూత్రం ఇంకొకరి కిడ్నీల సంగతి చెప్పదని బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పి చూశాను. సీసా పట్టుకుని బజార్లో నడవడం ఆయన వల్ల కాదని మాత్రం అర్థమైంది. బతిమాలాను, అలిగాను, వంట మానేశాను. బాపు మెట్టు దిగలేదు.

ఆయన్ను దించింది నేను కాదు, దీక్షల టెంటు. రోజుకొక గుంపు చొప్పున కూర్చుంటున్నారు, ఆ రోజు ఊరి పెద్దమనుషుల వంతు. బాపును కూడా పిలిచారు. ఆయన ఎప్పటిలాగే కాక భుజాన తన కండువా వేసి పంపాడు. కాసేపటికే కాక తిరిగొచ్చి కండువా మడతపెట్టి బాపు ముందు పెట్టాడు.

“పేరడిగిన్రు దొరా, మీ పేరు చెప్పిన. మరి నువ్వెందుకొచ్చినవన్నరు. దొర బదులని చెప్తే టెంటంత ఒకటే నవ్వుడు. ఎవలి ఆకలి ఆళ్లదేనట, బదులు నడవదట.”

బాపు ఆ కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ రోజంతా కుర్చీలోంచి లేవలేదు, అన్నానికి పిలిస్తే చేయి ఊపాడు. తెల్లారి నేను బడికి తయారవుతుంటే స్నానాలగది ముందు నిలబడి పిలిచాడు. “చెంబొద్దు బిడ్డా. గా ల్యాబోల్ల సీసా ఏది?”

ఆ ఉదయం నేను చూసినంత గొప్ప ఊరేగింపు సిద్దిపేట మరొకటి చూసి ఉండదు. తెల్ల ధోవతి, ఇస్త్రీ లాల్చీ, తలకు రుమాలు, చేతిలో మూత బిగించిన సీసా. వాచిన కాళ్లతోనే మా బాపు బజారు మధ్యలోంచి నడిచాడు, గుడ్డ కప్పుతానంటే వద్దన్నాడు. వెనక నేను, నా వెనక కాక. టెంటు ముందుకు రాగానే ఎవరో గుర్తుపట్టి, దొర వచ్చిండని లేచి జై తెలంగాణ అని కేకేశారు. బాపు ఆగి, జై తెలంగాణ అంటూ చేయెత్తాడు, సీసా ఉన్న చేయే. టెంటు మొత్తం మళ్లీ నవ్వింది, కానీ ఈసారి అది వేరే నవ్వు, అందులో బాపు కూడా ఉన్నాడు.

ఫలితం చూసి డాక్టరు సాబు మాత్రం నవ్వలేదు. ప్రొటీన్ బాగా పోతోంది. కొన్ని నెలలు చేజారాయి గానీ ఇంకా దారి ఉందన్నాడు. ఆ రోజే కొత్త మందు మొదలైంది, మా ఇంట్లో ఉప్పు డబ్బా అటకెక్కింది, మామిడికాయ తొక్కు జాడీ పొరుగింటికి వెళ్లిపోయింది. ఇక ఆ షుగరు ఎవరిదో తేలింది కనుక కాకకు కూడా మందు రాశాడు. దొర బదులు వెళ్లకపోయి ఉంటే తన జబ్బు బయటపడేదే కాదని కాక చివరిదాకా గర్వంగా చెప్పుకునేవాడు. బాపు పాదాల వాపు తగ్గింది. ప్రతిసారీ తన సీసా తానే పట్టుకెళ్లాడు, ప్రతిసారీ ప్రొటీన్ కొంత దిగింది, క్రియాటినిన్ ఉన్నచోటే నిలబడింది. “దొర సాబ్, మీ కిడ్నీలు సమ్మె విరమించినయ్” అన్నాడు డాక్టరు సాబు ఒకరోజు కాగితం ఊపుతూ.

మందులూ నీళ్లూ మానకూడదన్న షరతు మీద ఆయన బాపు ఒక్క పూట దీక్షలో కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. బాపు తన పేరుకు తానే వెళ్లి కూర్చున్నాడు. నిరసనగా రహదారి మీదే వంటావార్పు జరిగిన రోజున, ఉప్పులేని అన్నంతో బాపు, చక్కెర మానిన కాక, ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని తినడం నేను చూశాను. మా ఇంటి చరిత్రలో అటువంటి బంతి లేదు. రాష్ట్రం వచ్చిన రాత్రి టపాసుల వెలుగులో బాపు వీధి అరుగు మీద, మెషిను అవసరం లేకుండా, తన కిడ్నీలతోనే నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు ఒక మధ్యాహ్నం ఆయన గుండె ఆగింది. కిడ్నీలు మాత్రం ఆఖరిదాకా మాట తప్పలేదు.

ఇప్పుడు ఎవరి డబ్బా వారే పట్టుకుంటున్నారు, ఎవరి వరుసలో వారే నిలబడుతున్నారు. అదే సరైనదని నాకు తెలుసు, నేర్పింది మా బాపే. అయినా మొన్న ఆ కిటికీ ముందు నిలబడ్డప్పుడు, నేను పోయిస్త బిడ్డా, నువ్వు కూసో అనే మనిషి వెనక ఉన్నాడేమోనని ఒకసారి తల తిప్పి చూశాను. కాక లేడు, బాపు చనిపోయిన ఏడాదే అతనూ వెళ్లిపోయాడు. ఆ వెండి చెంబు కూడా లేదు. కాక దినాలయ్యాక, ఇక మోసే మనిషి లేడని, సిద్దిపేట సరాఫు బజారులో దాన్ని అమ్మేశాను.