గోడకవతలి చలవ వంట

కమలకుమారి కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో స్కూల్ బస్సు నడుపుతుంది. తెనాలి మనిషి. తెల్లవారకముందే లేచి భర్త చక్రధర్‌కీ కూతురు ధాత్రికీ డబ్బాలు కట్టి, తను మాత్రం చేతికందింది నోట్లో వేసుకుని బస్ యార్డుకి పరుగెత్తేది. బస్సులో ఏ పిల్లకి కిటికీ సీటు కావాలో, ఎవరికి ఎవరి పక్కన పడదో ఆవిడకి కంఠతా వచ్చు. తను పొద్దున ఏం తిందో అడిగితే మాత్రం ఆలోచించుకోవాలి.

బడికి సెలవులిచ్చినా సమ్మర్ క్యాంపుల డ్యూటీ ఉంటుంది. ఆ జూలైలో ఎండలు విపరీతంగా కాశాయి. పొద్దున ఐస్ కాఫీ, మధ్యాహ్నం ఐసు వేసిన కూల్ డ్రింకు, రాత్రి ఆవకాయన్నం. వాటితోనే నెట్టుకొచ్చింది. ఒకరోజు పిల్లలందర్నీ దింపేసి, యార్డులో బస్సు పెట్టి కిందికి దిగుతుంటే కళ్ళు తిరిగాయి. తోటి డ్రైవర్లు నీడలో కూర్చోబెట్టి చక్రధర్‌కి ఫోన్ చేశారు. వడదెబ్బ తగిలిందనీ, ఒక వారం ఇంట్లోనే ఉండి వేళకి తిని నీళ్ళు బాగా తాగమనీ డాక్టర్ చెప్పారు. తాగడం బాగానే ఉంది గానీ తిండే సహించలేదు. పోపు వాసన వస్తే గది తలుపు మూసేసుకునేది.

వాళ్ళ ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒక్కటే. అవతల లియాంగ్ ఆంటీ ఉంటుంది. డెబ్భై దాటిన ఆవిడ, చైనాలోని గ్వాంగ్‌జౌ మనిషి, భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. కమలకుమారితో నవ్వులూ చేతులూపడాలే తప్ప పెద్దగా మాటల్లేవు. రోజూ పొద్దున్నే వెళ్ళే మనిషి ఇంటిపట్టునే ఉండటం చూసి, ఒక సాయంత్రం తలుపు కొట్టింది. చేతుల్లో బూడిద గుమ్మడికాయ.

"ఏవండీ, నాకు దిష్టి తీయడానికి తెచ్చిందంటారా?" అని కమలకుమారి లోపలికి తిరిగి భర్తనడిగింది.

దిష్టికి కాదు, సూప్‌కి. ఇది ఎండాకాలపు కాయ అనీ, ఒంట్లో వేడి లాగేస్తుందనీ చెప్పి, కాయ చూపించి వెళ్ళింది. మర్నాడు గిన్నెడు సూప్‌తో వచ్చింది. ధాత్రి మూత తీసి చూసి, అమ్మ మాంసం తినదని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. గిన్నె అడుగున ఎముకలున్నాయి. కమలకుమారి సిగ్గుతో చచ్చిపోయింది. లియాంగ్ ఆంటీ ఏమీ అనుకోలేదు. గిన్నె పట్టుకుని వెళ్ళిపోయి, ఆ మరుసటి రోజు కొత్త గిన్నెలో వండి తెచ్చింది. తొక్కతోనే కోసిన గుమ్మడి ముక్కలు, బార్లీ, పుట్టగొడుగులు, రెండు చీలికలు అల్లం. గోరువెచ్చగా ఉంది. కమలకుమారి మొహమాటానికి ఒక చెంచా తాగింది. తర్వాత గిన్నె ఖాళీ చేసింది.

అప్పటినుంచి పక్కింటావిడ రోజూ వచ్చేది. ఇంగ్లీషు సరిపోని చోట ధాత్రి ఫోను తర్జుమా చేసేది. ఆంటీ మొదట చేసిన పని, కమలకుమారి చేతిలోని గ్లాసు తీసుకుని ఐసు ముక్కలు సింకులో పారబోయడం.

"కడుపు పొయ్యి లాంటిది. పొయ్యిలో నీళ్ళు పోసి, అన్నం ఉడకలేదంటే ఎలా?" అంది.

చలవ చేసేది తినాలి గానీ చల్లగా ఉన్నది కాదు, అదీ ఆవిడ సిద్ధాంతం. పెసలు పటికబెల్లంతో ఉడికించిన జావ, దోసకాయ, పుచ్చకాయ, కొద్దికొద్దిగా, నీళ్ళ పాళ్ళు ఎక్కువగా. వేపుళ్ళు వద్దు, మామిడిపండు వేడి. వింటుంటే కమలకుమారికి తెనాలిలో అమ్మమ్మ మందలిస్తున్నట్టే ఉంది. అమ్మమ్మ కూడా పెసలు చలవ అనేది, మామిడిపళ్ళు నీళ్ళలో నానేయనిదే ముట్టనిచ్చేది కాదు.

పేచీ వచ్చింది మజ్జిగ దగ్గర. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు విషమంటుంది ఆవిడ. మజ్జిగని మించిన చలవ లేదంటుంది ఈవిడ. చివరికి కమలకుమారి మజ్జిగని చాలాసేపు బయటపెట్టి, అల్లం, కరివేపాకు నలిపి వేసి ఇచ్చింది. లియాంగ్ ఆంటీ ఒక గుక్క తాగి, అల్లం మంచిదంది. మజ్జిగ ఊసెత్తలేదు.

కాకరకాయ దగ్గర మాత్రం ఓడిపోయింది కమలకుమారే. ఉప్పు రాసి చేదు పిండేసి, చింతపండులో ఉడికించబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మా వైద్యంలో ఎండాకాలం గుండెది. గుండె వేడిని దించేది చేదు. చేదు తీసేస్తే ఇంక దేనికి తినడం?"

పల్చగా తరిగి, అలా మూకుట్లో వేసి ఇలా తీసి పెట్టింది. కాకరకాయని చేదుగా తినడం కమలకుమారికి అదే మొదలు. రెండో ముద్దకి కళ్ళు మూసుకుంది, మూడో ముద్దకి అన్నం కలుపుకుంది.

వారం తిరిగేసరికి ఒళ్ళు కుదుటపడి డ్యూటీకి వెళ్ళింది. ఫ్లాస్కులో పెసల జావ, టిఫిన్ డబ్బా. ఇక ఆవిడని ఇబ్బంది పెట్టకూడదని, పళ్ళబుట్టతో వెళ్ళి దండం పెట్టి, రేపటినుంచి నేనే వండుకుంటానంది. లియాంగ్ ఆంటీ ముఖం వాడిపోయింది. పళ్ళబుట్టని టేబుల్ మీద పక్కకి జరిపింది. తర్వాత నెమ్మదిగా, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. సూప్ ఒక్క మనిషికి కుదరదట. ఆయన పోయాక గిన్నె అటకెక్కించేసిందట. ఇన్నాళ్ళూ బ్రెడ్డూ టీతో గడిపిందట.

కమలకుమారి కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"అయితే ఆంటీ, రోజూ నలుగురికి వండుదాం," అంది. "ఒకరోజు మీ పొయ్యి మీద, ఒకరోజు మా పొయ్యి మీద."

వేడి గిన్నెలతో వీధివైపు నుంచి చుట్టూ తిరిగి రావడం ప్రమాదమని, ఆ శనివారం చక్రధర్ పెరటి కంచెలో రెండు చెక్కలు ఊడదీశాడు. సాయంత్రం ఎండ తగ్గాక అందరూ ఆవిడ పెరట్లో డెక్ అనే చెక్క అరుగు మీద కూర్చున్నారు. ఆ పూట కమలకుమారి వంట, సొరకాయ పెసరపప్పు, మెత్తగా వండిన అన్నం. లియాంగ్ ఆంటీ తిని, ఉప్పు కాస్త ఎక్కువైందని చెప్పి, గరిటె అందుకుని మళ్ళీ వడ్డించుకుంది.