వేడెక్కితే ఆగిపోయే బండి

నిన్న సాయంత్రం అరసవల్లిలో మా ఇంటి ముందు ఒక ఆటో రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయింది. గుడికి వచ్చినవాళ్లు దిగి, కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళ్లిపోయారు. డ్రైవరు కూడా పెద్దగా పట్టించుకోలేదు. వరండాలో కూర్చున్న నేను మాత్రం లేచి గేటు దాకా వెళ్లాను. ఇంజను ఆగిన వెంటనే వచ్చే ఆ నిశ్శబ్దం, వేడెక్కిన ఇనుమూ పెట్రోలూ కలిసిన ఆ వాసన తగిలితే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. ఎక్కడో ఒక ఆడమనిషి నొప్పులు పడుతూ మాకోసం ఎదురుచూస్తోందనీ, మేము రోడ్డు మధ్యలో నిలబడిపోయామనీ అనిపిస్తుంది. ఆ భయం నాకు సుగుణమ్మగారి దగ్గర అంటుకుంది. ఆ భయంతో ఎలా బతకాలో కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో టెక్కలికీ సముద్రానికీ మధ్య ఊళ్లన్నిటికీ ఆవిడే నర్సమ్మ. బాప్టిస్టు కుటుంబం. భర్త రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాళంలో డ్రైవరుగా పనిచేసి, తిరిగొచ్చాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న ఒక ఇంగ్లీషు మోటారుసైకిలును డిస్పోజల్లో కొన్నాడట. పక్కన తొట్టిలాంటి సైడ్‌కారు ఉండేది. ఆయన జ్వరంతో పోయాక ఆవిడ దాన్ని అమ్మకుండా నడపడం నేర్చుకుంది. తెల్లచీర కొంగు నడుముకు దోపి, బలంగా కిక్కు కొట్టి ఆవిడ బయలుదేరితే పిల్లలు ఊరి చివరదాకా వెంట పరిగెత్తేవాళ్లు. నేను విజయనగరం దగ్గర ఒక వ్యవసాయ కుటుంబం నుంచి, పురుళ్ల పనిలో అప్పుడే శిక్షణ ముగించుకుని, ఆవిడకు సాయంగా చేరాను. చీకటంటే భయం, నెత్తురంటే భయం, ఆ సైడ్‌కారులో కూర్చోవడమంటే మరీ భయం. మొదటి రోజు నా ముఖం చూసి, "గట్టిగా పట్టుకో పిల్లా. పడిపోతే నీకూ నేనే కట్టు కట్టాల" అంది.

నేను చేరిన వేసవిలోనే బండికి జబ్బు మొదలైంది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మేగ్నెటో అనే చిన్న యంత్రం పాతబడిపోయింది. చల్లగా ఉన్నంతసేపూ బాగానే పనిచేసేది. నాలుగు మైళ్లు పోయి వేడెక్కిందంటే రవ్వ ఆగిపోయేది. మళ్లీ చల్లారేదాకా చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం, పురుడయ్యాక నెత్తురు ఆగడం లేదని ఒక కుర్రాడు సైకిలు మీద కబురు తెస్తే బయలుదేరాం. నౌపడా ఉప్పుమళ్ల పక్కన, నీడన్నది లేని చోట బండి ఆగింది. తెల్లటి ఉప్పుకుప్పల మీద ఎండ కళ్లలో గుచ్చుతోంది. ఆవిడ ఇంజను దగ్గర చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకుంది.

"నడిచి వెళ్లిపోదామా సిస్టరుగారూ?" అన్నాను.

"నడిస్తే గంట పైమాటే. సల్లారితే సిటికెలో ఎల్తాం. సల్లారినా కదుల్తాదో నేదో తెల్దు. నువ్వైతే ఏటి సేస్తావు?"

నేను రోడ్డు వైపూ, ఇంజను వైపూ చూశాను.  ఆవిడ మందుల సంచీ తీసి నా భుజానికి తగిలించింది. "నువ్వు నడు. బండి కదిలితే దార్లో ఎక్కించుకుంటాను. కదలకపోతే నువ్వైనా సేరతావు."

ఆ రోడ్డు మీద ఒక్కదాన్నే నడిచిన నడక నాకింకా గుర్తే. నెత్తురు ఆపడం ఎలాగో నేర్చుకున్న పాఠమంతా పెదవులతో వల్లె వేసుకుంటున్నాను. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి. గాలి వీచినా ఇంజను చప్పుడేమో అనుకునేదాన్ని. చివరికి నిజంగానే ఆ చప్పుడు వినిపించినప్పుడు ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి వెళ్లాం, ఆ తల్లి బతికింది. తరువాత పెరట్లో చేతులు కడుక్కుంటుంటే, సుగుణమ్మగారు పట్టుకున్న గ్లాసులోంచి నీళ్లు తొణికి చీర మీద పడ్డాయి. నేను చూస్తున్నానని గమనించి, "నాకు ప్రతిసారీ ఇంతే. పని అయినాక సేతులు వొణుకుతాయి. ముందు వొణక్కుంటే సాలు" అంది.

ఆ తరువాత మేగ్నెటో కోసం వెతుకులాట మొదలైంది. మద్రాసు షాపుకు రాస్తే, ఆ రకం బండ్లు తయారవడం ఆగిపోయి చాలా కాలమైందనీ, సామాను దొరకదనీ జవాబొచ్చింది. విశాఖపట్నం పాత ఇనుము కొట్లలో చక్రాలు, హ్యాండిళ్లు కుప్పలుగా ఉన్నాయి గాని మాకు కావలసింది లేదు. ఇంకో రకం బండి మేగ్నెటో బిగించడానికి శ్రీకాకుళం మెకానిక్కు ఒకరోజంతా ప్రయత్నించాడు. కుదరలేదు. అతనే చెప్పాడు: "అచ్చం ఇలాటి బండి భోగాపురం దిక్కున సూరన్నని ఒక రైతు దగ్గరున్నాదమ్మా. నడుపుతున్నాడో నేదో మరి."

అప్పటికి మా ఇద్దరి ప్రాణం లచ్చిమి మీద ఉంది. భావనపాడులో చేపలు పట్టేవాళ్ల కోడలు. మొదటి కాన్పులో మేము చేరేలోపే బిడ్డ పోయింది. ఇప్పుడు మళ్లీ ఏడో నెల నిండింది, కాళ్లూ ముఖమూ వాచాయి, రక్తపోటు ఎక్కువగా ఉంది. ఇలాంటివాళ్లకు మూర్ఛలొస్తే తల్లీ బిడ్డా దక్కడం కష్టం. ఆ పిల్లను తలుచుకుంటూనే విజయనగరం దాకా రైల్లో, అక్కడినుంచి బస్సులో భోగాపురం వెళ్లాం.

సూరన్న పొలంలో నుయ్యి పక్కనే ఉంది బండి. వెనక చక్రానికి టైరు లేదు. చక్రం మీదుగా బెల్టు వేసి పంపుకు తగిలించాడు. వానల్లేక చుట్టుపక్కల నేలంతా నెర్రెలిచ్చి ఉంటే, ఆ పంపు నీళ్లతో వరినారు పోసిన ఒక్క ఆకుమడి మాత్రం పచ్చగా నిలబడి ఉంది. ఇంజను వేడెక్కకుండా సూరన్న భార్య పక్కన కూర్చుని చేటతో విసురుతోంది. సుగుణమ్మగారు లచ్చిమి సంగతంతా చెప్పి మేగ్నెటో అడిగింది. సూరన్న తల దించుకుని విన్నాడు.

"నువ్వు సెప్పింది ఇంటే నాకూ బాధగానే ఉన్నాదమ్మా. ఇది ఇప్పేస్తే మా ఆకు ఎండిపోద్ది. ఆకు పోతే ఏడాదంతా మా పిల్లలు ఏటి తింటారు?"

ఆవిడ ఆకుమడి వైపు చాలాసేపు చూసింది. "నిజవే బాబూ. నాట్లేసేసి ఉభాలయినాక ఇస్తావా?"

"వాన పడి, ఉభాలయిపోతే నానే తెచ్చిస్తాను. పడకపోతే మాత్రం నన్నడగొద్దు."

తిరిగొస్తూ రైల్లో నేను ఉండబట్టలేక అన్నాను, ఇంకొంచెం బతిమాలి ఉంటే ఇచ్చేవాడేనని. ఆవిడ కిటికీలోంచి ముఖం తిప్పకుండా, "ఇచ్చేవోడే. అందుకే మళ్లీ అడగనేదు" అంది. నా వైపు తిరిగి, "బండి రాదనుకుని పని సూసుకోవాల మనం. రేపట్నుంచి ఊళ్లన్నీ తిరుగుదాం" అంది.

అలాగే తిరిగాం, కాలినడకన. ప్రతి ఇంటి ముందూ నిలబడి ఆవిడ ఒకటే మాట చెప్పేది: "నా బండి పాడైపోనాది. కబురెట్టినా నేను టైముకి రాలేకపోవచ్చు. నన్ను నమ్ముకుని కూకోకండి. నెలలు నిండకముందే మా ఇంటికొచ్చి ఉండండి." నాకు తల కొట్టేసినట్టుండేది. ఇన్నేళ్లుగా అందరూ దేవతలా చూసే మనిషి, నేను రాలేనని తనంతట తనే చెప్పుకోవడం. కొందరు నవ్వారు, కొందరు కోప్పడ్డారు. లచ్చిమి అత్త మొహమ్మీదే అనేసింది: "పరాయింట్లో పురుడేటమ్మా? రాలేనోళ్లు నర్సమ్మలెందుకు అవుతారు?" ఆవిడ ఆ మాట పడింది. లచ్చిమి కాళ్లు మరోసారి నొక్కి చూసి, ఏ గుర్తులు కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆగకూడదో ఆ అత్తకే విడమర్చి చెప్పి వచ్చేసింది.

మేమిద్దరం ఉంటున్న సుగుణమ్మగారి ఇంటి వెనక గదిలో మంచాలు వేశాం. నలుగురు వచ్చారు. లచ్చిమి రాలేదు. రోజూ పొద్దున్న లేవగానే మేమిద్దరం వేరువేరుగా ఆకాశం చూసేవాళ్లం. ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం కాదు. వాన పడితే సూరన్న మేగ్నెటో తెస్తాడు. కాని వాన గట్టిగా పడితే భావనపాడు దారి మునిగిపోతుంది, అప్పుడు ఏ బండీ పోలేదు. ఏం కోరుకోవాలో తెలియని రోజులవి. చివరికి ఒక పొద్దున్న తూర్పున సముద్రం మీద నల్లగా మబ్బు లేచింది. మధ్యాహ్నానికి కుండపోత. సుగుణమ్మగారు సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడింది, మళ్లీ లోపలికొచ్చింది, మళ్లీ గుమ్మంలోకి వెళ్లింది. "నడిసైనా ఎల్దాం పిల్లా" అని గొడుగు అందుకుంది.

అప్పుడు వాన తెరలోంచి నలుగురు మనుషులు వస్తూ కనిపించారు. వెదురుకర్రకు వల కట్టి, అందులో లచ్చిమిని పడుకోబెట్టి మోసుకొస్తున్నారు. పక్కనే అత్త, తను తడిసిపోతూ తాటాకు గొడుగు కోడలి మీద పట్టుకుంది. గుమ్మం ఎక్కుతూనే రొప్పుతూ అంది: "తెల్లారి నుంచీ దీనికి తలనొప్పి, కళ్లు మసకలంటన్నాది. నువ్వు సెప్పిన గుర్తులే కదా? బండి రాదని నువ్వే సెప్పినావు. మబ్బు సూడగానే బయలెల్లిపోనాం."

గది చీకటి చేసి, మూర్ఛ రాకుండా సూది మందిచ్చి, డాక్టరుకు కబురంపి, ఆ రోజూ మర్నాడూ లచ్చిమి పక్కనుంచి కదల్లేదు మేము. మూర్ఛ రాలేదు. ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత. వీపు రుద్దగా రుద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక లచ్చిమి అత్త సుగుణమ్మగారి చేతులు పట్టుకుంది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, ఆ ముసలమ్మవీ వణుకుతున్నాయి.

ఉభాలయ్యాక సూరన్న మాట ప్రకారం వచ్చాడు, మేగ్నెటో తువ్వాలులో చుట్టుకుని. ఆవిడ తన పాతది అతని చేతిలో పెట్టింది. "సల్లగుంటే పనిసేస్తాది, వేడెక్కితే ఆగిపోద్ది. ముందే సెప్తన్నాను. మీ ఇంటిది ఇంకొంచెం గట్టిగా ఇసరాల." చాలా రోజుల తరువాత ఆవేళ ముగ్గురమూ నవ్వాం. బండి మళ్లీ నడిచింది. అయినా వెనక గదిలో మంచాలు ఆవిడ తీయలేదు. నాకు సర్కారు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేదాకా ఆ గది ఖాళీగా ఉండగా చూడలేదు. ఆవిడ పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. చివరిచూపు దక్కలేదు.

తరువాతి కాలంలో నాకే ఒక ఆరోగ్య కేంద్రం అప్పగించారు, కొండల వారన. మొదటి రోజు ఊళ్లోని ఆడవాళ్లంతా చూడ్డానికొచ్చారు. ఇక్కడ నెత్తురెక్కించే ఏర్పాటు లేదనీ, డాక్టరు రోజూ రాడనీ, జీపును నమ్ముకోవద్దనీ వాళ్లకు చెప్పేశాను. పైవాళ్ల చేత చీవాట్లు తిన్నాను కూడా, జనాన్ని బెదరగొడుతున్నానని. ఆవేళ ఆ గుంపులోంచి ఒకామె లేచి, "మరి ఇక్కడ ఏటున్నాదమ్మా?" అని నిలదీసింది. "నేనుంటాను. మీరు ముందే రండి" అన్నాను. ఆ మాట అంటుంటే గొంతు వణికింది. పని చేసినన్నాళ్లూ, అన్న ప్రతిసారీ వణికింది.