బేస్తవారం ఉగ్గాని

కర్నూలులో పొద్దున టిఫిన్ ఎక్కడ బాగుంటుందని ఎవరు అడిగినా నేను నాలుగు చోట్లు చెబుతాను. ఐదోది చెప్పను. ఆ చెప్పని చోటు కాలేజీ రోజుల నుంచి నా గొంతులోనే ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికీ రాదు. ఇన్నేళ్లూ దాన్ని అట్లాగే మోశాను. ఇవాళ మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈ ధైర్యం.

ముందే ఒక మాట. టిఫిన్ల విషయంలో నాతో పోటీకి రావద్దు. గొప్పలు చెప్పుకోవడం కాదు. సరే, గొప్పలే అనుకోండి. పూరీ కావాలంటే మా కాలేజీ వెనక గేటు బయట, గోడకు ఆనుకుని ఒక బండి ఉంటుంది. కూర పలచగా ఉంటుంది కానీ అడక్కుండానే రెండోసారి వేస్తాడు. కారం దోశకైతే బస్టాండు దారిలో రేకుల షెడ్డు. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి ఇస్తారు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అయినా చెయ్యి చాపి ఇంకొకటి అడుగుతారు. పొంగనాలు పాతబస్తీలో ఒక ముసలావిడ ఇంటి అరుగు మీద. ఇక రాత్రంతా సినిమాలు చూసి ఆలస్యంగా లేచి, అటు టిఫిన్ వేళా ఇటు అన్నం వేళా కాని సమయంలో ఆకలేసిందనుకోండి, మార్కెట్ పక్కన జొన్నరొట్టెలు తట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చోండి. శనక్కాయల చట్నీతో రెండు రొట్టెలు తింటే మధ్యాహ్నం సంగతి కూడా తేలిపోతుంది. జేబు ఖాళీగా ఉన్న కుర్రాడు ఈ ఊళ్లో ఆకలితో ఉండాల్సిన పని లేదు. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లూ, మా వీధిలో గది తీసుకున్న కాలేజీ పిల్లలూ నన్నే అడుగుతారు. చెబుతాను. కానీ "అన్నా, ఉగ్గాని యాడ బాగుంటుంది?" అన్నారంటే మాత్రం నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టే. ఈ కాలంలో ఉగ్గాని సరిగ్గా ఎవరు చేస్తారులే అని తప్పించుకుంటాను. కర్నూలోడు చెప్పాల్సిన మాటేనా అది?

పచ్చి అబద్ధం. ఉగ్గాని చేసేవాళ్లు ఉన్నారు. కాలేజీ ముందు గేటు దగ్గరే ఉన్నారు. ఆమె పేరు శాంతమ్మ అనుకుందాం. అసలు పేరు రాయను. మాది నందికొట్కూరు దగ్గర పల్లె. ఆమెదీ అదే ఊరు, అదే చర్చి. చుట్టరికం లేదు గానీ ఊరి వరసకు నాకు అత్త. మొగుడు పోయాక కర్నూలు వచ్చి బండి పెట్టుకుంది. నేను డిగ్రీలో చేరిన రోజు మా నాన్న నన్ను హాస్టల్ కంటే ముందు ఆ బండి దగ్గరికే తీసుకుపోయి అప్పజెప్పాడు.

బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపులో వేసి, పుట్నాలపొడి కలిపితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ. అంతే కదా అంటారు. అంతే కాదు. ఆమె బొరుగులు గుప్పెడు గుప్పెడుగా ముంచేది. ఒకేసారి గంపెడు ముంచిన బండివాళ్లను చూసి నవ్వేది. ఎక్కువ నానితే గంజి, తక్కువ నానితే గడ్డి అనేది. పొట్లం విప్పితే పలుకు పలుకుగా ఉండేది, కానీ నోట్లో మెత్తగా కరిగేది. ఆ రెండేళ్లు నేను ఇంకో చోట టిఫిన్ తిన్న పాపాన పోలేదు.

ఇప్పుడు మా చర్చి సంగతి చెప్పాలి. ఈస్టర్ నాడు మావాళ్లు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోతారు. అక్కడ పాటలు, ప్రార్థన. వెలుగు వచ్చాక చర్చి ఆవరణకు తిరిగి వచ్చి అందరూ వరసగా కూర్చుని టిఫిన్ చేస్తారు. ఆ టిఫిన్ ఉగ్గాని, బజ్జీ. వండేది శాంతమ్మత్త. మొగుడు పోయిన ఏడు చర్చి తనను ఆదుకుందని, ఆమె పెద్దల దగ్గరికి వచ్చి ఒకటే అడిగిందట: చేతులు ఆడినంతకాలం ఈ పొద్దుటి తిండి నేనే చేస్తాను, ఇంకెవరికీ ఇవ్వద్దు అని. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. అది ఆమె కానుక. మిగిలిన ఆడవాళ్లు ఉల్లిగడ్డలు తరగొచ్చు. బొరుగులు ముంచే చెయ్యి మాత్రం ఆమెదే. ఏడాదిలో ఆ ఒక్క పొద్దున మా చర్చిలో పాస్టరుగారి కంటే ఆమె గొప్పది.

ఇక నా సంగతి. డిగ్రీ రెండో ఏడు. మా నాన్న సంఘ పెద్ద. గుడ్‌ఫ్రైడే నాడు సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఐదోది, దాహం గురించినది, నాకు ఇప్పించాడు. పెద్దాయన ఎంత మురిసిపోయాడో! కొత్త చొక్కా కుట్టించాడు. నేనేం చేశాను? ముందు రోజు, అంటే గురువారం, స్నేహితుడి పుట్టినరోజని బైకుల మీద తుంగభద్ర వంతెన దాటిపోయాను. పొద్దున్నే మొదలుపెట్టాం. బ్రాందీ, నూనె తేలే కోడికూర. దాహం గురించి మాట్లాడాల్సినవాడు దాహం అట్లా తీర్చుకున్నాడు. నవ్వొస్తే నవ్వండి.

సాయంత్రానికి కడుపులో దేవినట్టయింది. ఊరికి పోయే బస్సులో కిటికీలోంచి వాంతులు. ఇల్లు చేరేసరికి మంచం మీద పడ్డాను. నాన్న తలదగ్గర కూర్చుని, ఏం తిన్నావురా, యాడ తిన్నావు అని అడిగాడు.

పొద్దున అత్త బండి దగ్గర ఉగ్గాని తిన్నానని చెప్పాను.

ఎందుకు ఆ పేరే వచ్చింది? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. పేరు లేని హోటలేదో చెబితే సరిపోయేది కదా? కానీ హోటల్ అంటే ఏ హోటల్, ఎవరితో పోయావు అని నాన్న తవ్వుతాడు. ఆమె పేరు చెబితే తవ్వడు, నమ్ముతాడు. ఆమె మీద నాన్నకున్న నమ్మకమే నాకు పనికొచ్చింది. దానివల్ల ఆమెకేమవుతుందని నేను ఆలోచించలేదు, నిజంగానే ఆలోచించలేదు, నా ఆలోచనంతా నోటి వాసన నాన్నకు తగలకుండా గోడవైపు తిరిగి పడుకోవడం మీదే ఉంది.

అది తప్పే. కానీ నేను ఒప్పుకోవాల్సిన తప్పు అది కూడా కాదు. అసలుది మర్నాడు జరిగింది. నా ఐదో మాట ఇంకెవరో చెప్పారు. ఆరాధన అయ్యాక నాన్న మా వరండాలో ఇంకో పెద్దతో మాట్లాడుతున్నాడు. లోపల మంచం మీద నాకు ప్రతి మాటా వినిపిస్తోంది. ఆమె చెయ్యి మంచిదే, నీళ్లో నూనెనో బాగలేదేమో, పండగ పూట ముసలోళ్లూ పిల్లలూ తింటారు, ఎందుకొచ్చిన తంటా, ఈ ఏడు నందికొట్కూరు హోటల్‌లో ఇడ్లీ చెబుదాం అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. లేచి నాలుగు అడుగులు వేస్తే వరండా. లేవలేదు. తేలు కుట్టిన దొంగలా కళ్లు మూసుకుని పడుకున్నాను.

శనివారం సాయంత్రం ఆమె బొరుగుల మూటలతో ఆటోలో ఊరికి వచ్చింది. చర్చి దగ్గరే నాన్న మెల్లగా చెప్పాడట, నొప్పించకుండా. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. నాన్న ఆమె వెనకాలే వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె నా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఏమప్పా, ఎట్లుండాది ఇప్పుడు?"

"పర్వాలేదత్తా."

"నా బండి కాడ తిన్యావంట?"

"ఊఁ."

"ఏ దినం?"

"బేస్తవారం పొద్దున."

గురువారాన్ని మేము అట్లాగే అంటాం. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"బేస్తవారమేనా? బాగా గ్యాపకం తెచ్చుకోప్పా. జరమొచ్చినోనికి దినాలు కలిసిపోతాయి. యాడన్నా వేరే చోట తిన్యావేమో."

"లేదత్తా. బేస్తవారమే. నీ బండి కాడే."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"సరేలేప్పా. గంజి తాగి పండుకో."

లేచి, గడప దగ్గర నాన్నను దాటి వెళ్లిపోయింది. ఆయనతో ఒక్క మాట అనలేదు.

ఈస్టర్ నాడు హోటల్ ఇడ్లీ వచ్చింది. ఆమె అందరితోపాటు వరసలో కూర్చుని తింది. బాగుండాయి అని కూడా అంది. తర్వాత మూటలు విప్పి, పిల్లలను పిలిచి, దోసిళ్లతో బొరుగులు పంచింది. ఉత్త బొరుగులు. పిల్లలు చొక్కాలు చాపి పట్టుకుని కేరింతలు కొట్టారు. ఆమె కూడా నవ్వుతూనే ఉంది. నేను చర్చి గోడ పక్క నుంచి చూశాను. ఏడుపొచ్చింది. ఒంట్లో బాగాలేకే అనుకుని ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు.

కథ ఇంతే అయితే ఇన్నేళ్లు మోసేవాణ్ని కాదేమో. కాలేజీకి తిరిగిపోయాక నా గదిలోవాడు మాటల్లో మాటగా చెప్పాడు: గురువారం మీ అత్త బండే తీయలేదు, మాకు ఉగ్గాని లేక మాడిపోయాం అని. ఎందుకు తీయలేదు? ఏటా ఈస్టర్ ముందటి గురువారం ఆమె బండి మూసి బొరుగుల బట్టీకి పోతుందట. చర్చికి అంగడి సరుకు పనికిరాదు, ఎదురుగా నిలబడి వేయించుకున్న కొత్త బొరుగులే తీసుకుపోవాలని ఆమె పట్టుదల. నేను ఆ పొద్దున గేటు దగ్గరికి పోనేలేదు, అంతకు ముందు ఏడు ఆ రోజుకి ఊళ్లోనే ఉన్నాను. అందుకే నాకు తెలియదు. అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు. నాది అతకలేదు. అతకలేదని తెలిసిన ఒకే ఒక్క మనిషి నా మంచం పక్కన కూర్చుని, దిద్దుకోరా అని దారి చూపించింది. నేను దిద్దుకోలేదు. రెండోసారి కూడా అదే చెప్పాను.

ఆమె ఎందుకు చెప్పలేదు? ఆ రోజు బండే లేదన్నా అని నాన్న మొహం మీద అంటే సరిపోయేది కదా. మరి నీ కొడుకు యాడ తిన్యాడో అడుగు అని అర్థం వస్తుందనా? సంఘ పెద్ద కొడుకు మాట ముందు తన మాట నిలబడదనా? పసివాడిని కాపాడదామనా? నాకు తెలియదు. ఆమెను దేవతను చేస్తే నాకు సులువు, దణ్ణం పెట్టి పక్కకు తప్పుకోవచ్చు. దేవత కాదు ఆమె. బజ్జీ మాడితే పొయ్యిని కూడా తిట్టే మనిషి. నన్నూ తిట్టుకునే ఉంటుంది. తిట్టుకోవాలి కూడా.

ఆ రోజు నుంచి నేను ముందు గేటు మానేశాను. వెనక గేటు పూరీ అట్లా దొరికింది. బస్టాండు దోశ, పాతబస్తీ పొంగనాలు, మార్కెట్ రొట్టెలు, అన్నీ అట్లాగే దొరికాయి. ఊరంతా మెచ్చుకునే నా టిఫిన్ల జ్ఞానం ఉందే, అదంతా ఒక బండికి మొహం చాటేస్తూ సంపాదించిందే. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడు. నేను సందులు వెతుక్కున్నాను.

ఉద్యోగం వచ్చాక ఒకసారి పోయాను. ఈసారి చెప్పేస్తానని గట్టిగా అనుకునే పోయాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది, వేళ్లు కొంచెం వంకరపోయాయి. బొరుగులు ఇంకా గుప్పెడు గుప్పెడుగానే ముంచుతోంది. శానా దినాలైందే అని, మా నాన్న మోకాళ్ల నొప్పులెట్లున్నాయని అడిగింది. పొట్లం చేతిలో పెట్టింది. అదే రుచి. నేను నోరు తెరిచాను. ఇంకో బజ్జీ వెయ్యత్తా అన్నాను. వేసింది.

మా చర్చిలో ఈస్టర్ పొద్దున ఇప్పటికీ హోటల్ ఇడ్లీయే. ఒక ఏడు మారింది, మళ్లీ ఎవరూ వెనక్కి మార్చలేదు. ఇప్పటి పిల్లలు అది తాతల నాటి ఆచారం అనుకుంటారు. ఆమె పండక్కి ఊరికి రావడం మానేసింది. నాన్న ఇంకా సంఘ పెద్దే. ఆయనకు చెబుతానా? మీకు మాట ఇవ్వను. నా మాట ఎంతపాటిదో ఇప్పుడు మీకు తెలుసు కదా. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఇంతవరకు రాశాక గొంతు కొంచెం ఆడుతోంది. అది అబద్ధం కాదు.

ఐదో చోటు చెబుతాను, రాసుకోండి. కాలేజీ ముందు గేటు, కుడి చేతి వైపు, వేపచెట్టు కింద నీలం రంగు బండి. పొద్దున్నే పోండి, ఆలస్యమైతే బజ్జీలు అయిపోతాయి. కర్నూలులో దాన్ని మించిన ఉగ్గాని లేదు, ఎప్పుడూ లేదు. దానివల్ల ఎవరికీ ఏనాడూ కడుపు చెడలేదు. వారమంతా ఉంటుంది. ఈస్టర్ ముందటి బేస్తవారం కూడా ఉంటుంది, ఆ రోజు మూసుకుని బట్టీకి పోవాల్సిన పని ఆమెకు ఇప్పుడు లేదు.

ఆ ఏడు మాత్రం మూసి ఉంది. ఆ బేస్తవారం నేను ఆమె ఉగ్గాని తినలేదు.