హారతికి లేచిన బ్రహ్మదండి

మొన్న మా వదిన సీమంతంలో హారతికి లెయ్యమంటే, ఆమెతో పాటు వెనకున్న డెకరేషన్ కూడా లేచింది! ఆ డెకరేషన్ చేసింది ఎవరనుకుంటాండారు? నేనే.

ఫోన్లో వీడియోలు చూసి అన్నీ సొంతంగా నేర్చుకునే రకం కదా నేను. ఒక దాంట్లో నీలంగా, గుండ్రంగా ముళ్ళ బంతుల్లాంటి పూలతో ఆర్చి కట్టినారు. ఎంత బాగుందో! తీరా చూస్తే అది మా చెనిక్కాయ చేని గట్టు మీద ఉండే బ్రహ్మదండే! చామంతి జాతి అంట. వాన లేకున్నా పూస్తాది, కోసినా వాడదు. చేతులకు గుడ్డ చుట్టుకొని ఇంత మోపు కోసుకొచ్చినా.

అవ్వ గడప దగ్గరే ఆపింది. "మేకలు గూడా మూతి పెట్టవు గదే దానికి! ఇంట్లోకి తెస్తాండావే?"

"ఇది ట్రెండింగ్ అవ్వా!"

"అదేమో నాకు తెల్దు. గుచ్చుకుంటాదా, లేదా?"

నేను వింటే గదా. వదిన కూర్చునే కుర్చీ వెనక వెదురు ఆర్చి నిలబెట్టి, దానికి కట్టేసినా.

వదిన కట్టుకున్నది మా అమ్మ పెండ్లి చీర. ధర్మవరం పట్టు. మమ్మల్ని ఇన్నేండ్లూ ముట్టుకోనీయకుండా దాచి, కోడలికని బయటికి తీసింది. ఏడో నెల కదా, వదిన హాయిగా వెనక్కి ఆనుకొని గాజులు తొడిగించుకుంది. ఫోటోలు అదిరిపోయినాయి. నేను కాలర్ ఎగరేస్తాండా.

"లెయ్యి తల్లీ, హారతి" అన్నారు. లేచింది. జడ ఒక పక్క, పైట ఒక పక్క ముళ్ళకు తగులుకొని, మధ్యలో నా ఆర్చి!

"ఎవురో లాగతాండారు నన్ను!" అని వదిన అరుపు.

"కదలద్దు వదినా! పోగులు లేస్తాయి!"

ఎవరో కత్తెర అన్నారు. "కత్తెర ముట్టుకుంటే చూడండి!" అని అమ్మ ఉరిమింది. వదిన ఒక్కసారి నవ్వినా చీర చిరిగేట్టుండాది. ఆమెకేమో నవ్వు ఆగదు!

ఇంక పేరంటాండ్లంతా చుట్టూ చేరినారు. చెనిక్కాయలు ఒలిచేటప్పుడు కూర్చున్నట్టే కూర్చొని, ముల్లు ముల్లూ ఏరుతా ఊరి ముచ్చట్లన్నీ తవ్వినారు. అవ్వ చిత్రాన్నం ముద్దలు చేసి వదిన నోట్లో పెడతాంది. గాజుల పాటలు మళ్ళీ మొదలైనాయి. వచ్చినోళ్ళు ఒక్కరూ పోలేదు.

చివరికి అమ్మ పైటను వెలుతురుకు పట్టి చూసింది. అంచులో ఒకే ఒక్క జరీ పోగు లేచింది. సూది మొనతో లోపలికి తోసి, నా వైపు తిరిగింది.

"నీ పెండ్లికీ ఇదే చీర కడతా. కుర్చీ జోలికి మాత్రం నువ్వు పోవద్దు!"

హమ్మయ్య, బతికిపోయినా అనుకుంటాండగా పక్కింటి అక్క నన్ను మెల్లగా పక్కకు పిలిచింది.

"మా అత్తకు గూడా ఇట్లాంటి కుర్చీ ఒకటి చేసిస్తావా పాపా? ఒక్క పూటన్నా కుదురుగా కూర్చుంటాది!"

నా సొంత చదువుకు వచ్చిన మొదటి ఆర్డర్ అదే. ఒప్పుకుందామనే ఉండాది గానీ, ముందు నా వేళ్ళలో ముళ్ళు ఎవరన్నా తీయాల.