అవ్వ విత్తనాల కుండ

నా చిన్నప్పుడు నా చేతులు ఊరికే ఉండేవి కావు. మూత కనిపిస్తే తీయాల్సిందే. పట్నానికి దూరంగా ఉన్న హిమాయత్‌నగర్ అనే పల్లెలోని మా ఇంట్లో నేను తీయకుండా మిగిలింది ఒక్కటే, మా అవ్వ విత్తనాల కుండ. చిక్కుడు గింజలకు బూడిద పట్టించి, కుండ మూతికి పేడ మెత్తి అటక మీద పెట్టేది. అందులో ఆమె కొడుకు, మా బాపు కూడా చెయ్యి పెట్టేవాడు కాదు. గింజలు కావాలంటే అవ్వను అడగాలి, అవ్వే తీసి ఇస్తుంది.

అవి ఎవరిని కదిపినా కంప్యూటర్ కోర్సు మాటే వినిపించే రోజులు. పక్కింటి అక్క రోజూ షేర్ ఆటో ఎక్కి, బస్సు మారి, పట్నం వెళ్ళి నేర్చుకునేది. ఒక సాయంత్రం మా అరుగు మీద నోట్సు ముందేసుకుని తల పట్టుకుంది. ప్రోగ్రాంలో క్లాసులనే భాగాలుంటాయట, ఒకదాని నుంచి ఇంకోటి పుడుతుందట. తల్లిలో ఉన్నవన్నీ బిడ్డకూ వస్తాయట, ప్రైవేట్ అని రాసినవాటిని మాత్రం బిడ్డ నేరుగా ముట్టరాదట, తల్లినే అడగాలట.

"నాకు వచ్చినంక ముట్టొద్దంటే ఎట్లనే?" అని నన్నే అడిగింది.

ఆ చదువు నాకు అర్థం కాలేదు కానీ, ఆ ఉక్రోషం బాగా అర్థమైంది. రేపు నాదయ్యే కుండను నేనెందుకు ముట్టకూడదు? మర్నాడు అవ్వ చేనుకు వెళ్ళగానే అటకెక్కి, పేడ పెల్ల ఊడదీసి, అప్పుడే కడుక్కున్న తడిచేతిని మోచేతిదాకా దూర్చాను. గింజలు తప్ప ఏమీ లేవు. మూత ఎలాగో పెట్టేశాను గానీ, వానలు పడేదాకా నాకు అన్నం సహించలేదు.

అవ్వ కుండ దించేసరికి గింజలు బూజు పట్టి ఉన్నాయి. ఏడుస్తూ నేనే చెప్పేశాను. అవ్వ గింజలన్నీ చాటలో పోసుకుంది. ఏరితే గుప్పెడు మంచివి మిగిలాయి. వాటిని చిన్న ముంతలో పోసి నా చేతికే ఇచ్చింది.

"గిది నీది బిడ్డా. దీంట్ల నేను గూడ చెయ్యి పెట్ట."

నాలుగు రోజులకు పాదులు తవ్వి, అవ్వ కొంగు పట్టి నా ముందు నిలబడింది. "జర గింజలిస్తవా?" చేతులు మూడుసార్లు తుడుచుకుని తీసి పోశాను. చూస్తున్న అక్క నవ్వి, తన నోట్సులో ఏదో రాసుకుంది.

తర్వాత నేనూ అక్క దారిలోనే ప్రోగ్రాములు రాసే పనిలో పడ్డాను. తొందరగా పనవుతుంది, ప్రైవేట్ తీసేద్దామని నా దగ్గర పనిచేసే పిల్లలెవరైనా అంటే ఇప్పటికీ నా చేతులు తడిగా అనిపిస్తాయి. ఇంట్లో నా కూతురి సొరుగు కనిపిస్తే ఆ చేతులు ఈ వయసులోనూ ఊరికే ఉండనంటాయి. అప్పుడు కొంగు పట్టి నిలబడ్డ అవ్వ గుర్తొస్తుంది. వెళ్ళి మా అమ్మాయిని అడుగుతాను.